ఇన్సులేషన్ ఎంత మందంగా వేసినా వెచ్చదనం ఎక్కడ జారిపోతోంది: థర్మల్ బ్రిడ్జ్‌లను కట్టకముందే పట్టుకోవడం ఎలా

బీరువా జరిపి చూసిన రోజు దాకా ఈ విషయం నాకు నిజంగా తలకెక్కలేదు. ఇల్లు కొత్తది. గోడలకి బయటి నుంచి 20 సెంటీమీటర్లకు పైగా ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర), కిటికీలకి మూడు పొరల అద్దాలు, వేడి కోసం పెట్టే ఖర్చు తగ్గాలని ఇంటివాళ్లు ఎంతో శ్రద్ధగా కట్టించుకున్నారు. పడకగదిలో బాల్కనీ వైపు మూలన, బీరువా వెనక, గోడ కింది భాగంలో అరచేతి వెడల్పున నల్లటి చుక్కలు, వేలితో రాస్తే పొడిలా అంటుకునే బూజు. గదిలో 20 డిగ్రీలు, బయట సున్నా. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు గోడ మధ్యలో 19.5 చూపించింది, దాన్నే మెల్లగా కిందికి, మూల వైపుకి జరుపుతూ పోతే 18, 16, చివరికి గోడ నేలని కలిసే చోట 13. గోడకి వేసిన ఇన్సులేషన్‌లో ఏ లోపమూ లేదు. బాల్కనీ స్లాబూ గది స్లాబూ ఒకే కాంక్రీటు పలక, అది ఇన్సులేషన్‌ని చీల్చుకుని బయటికి వెళ్లిపోయింది.

ఇదే థర్మల్ బ్రిడ్జ్. ఉష్ణ వంతెన అని పుస్తకాల్లో రాయొచ్చు గానీ సైట్‌లో ఎవరూ ఆ మాట వాడరు, నేనూ థర్మల్ బ్రిడ్జ్ అనే అంటాను. ఇన్సులేషన్ పొర ఎక్కడ తెగినా, పలచబడినా, దాని గుండా కాంక్రీటో ఇనుమో బయటికి పొడుచుకుపోయినా, వేడి చుట్టుపక్కల ఉన్నది కూడా అటు తిరిగి ఆ దారినే బయటికి పోతుంది. ఈ గైడ్ అంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: థర్మల్ బ్రిడ్జ్‌ని డ్రాయింగ్ కాగితం మీదే ఆపాలి. కాంక్రీటు పోశాక దాన్ని తీసేయలేం, పైనుంచి కప్పుకోగలం, ఆ కప్పడం ఎప్పుడూ సగం పనే అవుతుంది.

ఇన్సులేషన్ పెరిగేకొద్దీ ఇది ఎందుకు పెద్ద సమస్య అవుతుంది

ముందు కొన్ని అంకెలు చూద్దాం, ఇవి లేకుండా మాట్లాడితే అంతా ఊహలా ఉంటుంది. ఒక పదార్థం గుండా వేడి ఎంత సులువుగా పోతుందో చెప్పే అంకెని లాంబ్డా అంటారు. రాతి నారతో చేసే రాక్‌వూల్‌కి, మనం థర్మోకోల్ అనే తెల్ల ఫోమ్‌కి అది సుమారు 0.035. మెత్తరకం కలపకి 0.13. ఇనుప చువ్వలున్న కాంక్రీటుకి 2.3 పైచిలుకు, అంటే రాక్‌వూల్ కంటే 60 రెట్లకు పైనే. మామూలు స్టీలుకి 50, అల్యూమినియంకి 160. స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం 17 దగ్గర ఆగుతుంది, మామూలు స్టీలులో మూడో వంతు, ఈ ఒక్క తేడా తర్వాత చాలా చోట్ల మనకి పనికొస్తుంది.

ఇప్పుడు ఆ బాల్కనీనే లెక్క వేద్దాం. పొడవు 4 మీటర్లు. మధ్యలో ఏ అడ్డూ లేకుండా స్లాబ్ నేరుగా బయటికి వెళ్తే మీటరు పొడవుకి, లోపలికీ బయటికీ ఉన్న ప్రతి డిగ్రీ తేడాకి, సుమారు 0.9 వాట్ అదనంగా పోతుంది అనుకోండి, ఇది ఇలాంటి స్లాబ్‌లకి మామూలుగా కనిపించే అంకె. నాలుగు మీటర్లకి 3.6 వాట్లు. మంచి గోడ యూ వాల్యూ 0.15, అంటే చదరపు మీటరుకి డిగ్రీకి 0.15 వాట్ మాత్రమే పోనిస్తుంది. 3.6 ని 0.15 తో భాగిస్తే 24. ఒక్క బాల్కనీ, కాంక్రీటు పలక మందం ఉన్న ఒక గీత, 24 చదరపు మీటర్ల గోడ పోగొట్టేంత వేడిని ఒక్కటే పోగొడుతోంది. పాతకాలపు ఇన్సులేషన్ లేని గోడ యూ వాల్యూ 1.5 దాకా ఉంటుంది, అక్కడ ఇంత నష్టం రెండున్నర చదరపు మీటర్ల గోడతో సమానం, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకోనవసరం కూడా లేకపోయింది.

ఏడాది మొత్తానికి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. చలి ప్రాంతంలో 3,000 హీటింగ్ డిగ్రీ డేలు (లోపలికీ బయటికీ ఉన్న డిగ్రీల తేడాని చలికాలంలో రోజురోజుకీ కూడితే వచ్చే మొత్తం) ఉన్నాయనుకుంటే, రోజుకి 24 గంటలతో గుణిస్తే 72,000 డిగ్రీ గంటలు. 3.6 వాట్లతో గుణించి వెయ్యితో భాగిస్తే దాదాపు 260 యూనిట్లు. పాసివ్ హౌస్ (అతి తక్కువ వేడి ఖర్చుతో నడిచే ఇల్లు) ప్రమాణం ప్రకారం ఇంటిని వెచ్చగా ఉంచడానికి చదరపు మీటరుకి ఏడాదికి 15 యూనిట్ల లోపే అవసరం రావాలి, 100 చదరపు మీటర్ల ఇంటికి 1,500 యూనిట్లు. అందులో ఆరో వంతు కంటే ఎక్కువ ఒక్క బాల్కనీ మింగేస్తుంది. గోడ మందం ఇంకో 5 సెంటీమీటర్లు పెంచాలా అని వారాల తరబడి చర్చించే వాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే చర్చ వేరే దారిలో వెళ్తుంది.

వేడి పోవడం ఒక ఎత్తు, చెమ్మ ఇంకో ఎత్తు. 20 డిగ్రీల గదిలో గాలిలో తేమ 50 శాతం ఉంటే, 9.3 డిగ్రీల దగ్గర గోడ మీద నీటి చుక్కలు కడతాయి. బూజు మాత్రం నీళ్లు కట్టేదాకా ఆగదు, గోడ ఉపరితలం దగ్గర తేమ 80 శాతం దాటి కొన్ని రోజులు నిలిస్తే చాలు, అది 12.6 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. బీరువా వెనక మూల బయట సున్నా ఉన్నప్పుడే 13 లో ఉంది, బయట మైనస్ 5 కి పడిపోయిన రాత్రి అది దాదాపు 11 కి దిగుతుంది. బూజు ఎందుకు వచ్చిందో ఇంకెవరినీ అడగక్కర్లేదు.

దీన్ని కొలవడానికి ఒక తేలిక సూత్రం ఉంది, కాగితం మీద చేసుకోవచ్చు: గోడ ఉపరితలం ఉష్ణోగ్రతలోంచి బయటి ఉష్ణోగ్రత తీసేసి, దాన్ని లోపలికీ బయటికీ ఉన్న తేడాతో భాగించండి. మూల దగ్గర 13, బయట 0, లోపల 20 అయితే 13 భాగించు 20, అంటే 0.65. జర్మనీలో కనీసం 0.70 ఉండాలంటారు, బ్రిటన్‌లో ఇళ్లకి 0.75. ఈ అంకె బయటి వాతావరణంతో మారదు, ఆ జాయింట్ స్వభావాన్నే చెప్తుంది, అందుకే ఒకసారి కొలిస్తే ఏ చలిరోజుకైనా ఉష్ణోగ్రత అంచనా వేసుకోవచ్చు.

పెన్ను ఎత్తకుండా గీయండి

ఇక పనిలోకి. మీ ఇంటి సెక్షన్ డ్రాయింగ్‌లు తీసుకోండి, ప్లాన్ ఒక్కటే సరిపోదు. పునాది, గోడ, కిటికీ, స్లాబ్, కప్పు అన్నీ నిలువుగా కోసినట్టు చూపించేవి కావాలి. అవి లేవు అంటే ఆర్కిటెక్ట్‌ని అడిగి గీయించుకోండి, ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు. ఎరుపు పెన్ను తీసుకుని ఇన్సులేషన్ పొర మధ్యలో పెట్టి ఇల్లంతా చుట్టి రండి: నేల కింద నుంచి గోడలోకి, గోడ నుంచి కిటికీ ఫ్రేమ్‌లోకి, అద్దం దాటి మళ్లీ గోడలోకి, అక్కడి నుంచి కప్పులోకి, కప్పు మీదుగా అవతలి గోడలోకి, కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టిన చోటికి. పెన్ను ఎత్తాల్సి వచ్చిన ప్రతి చోటా ఒక థర్మల్ బ్రిడ్జ్ ఉన్నట్టే. ఆ చోటికి ఒక నంబరు ఇచ్చి, అది ఎన్ని మీటర్ల పొడవుందో, లేదా ఎన్ని చోట్ల ఉందో పక్కన రాసుకోండి.

పెన్ను ఎత్తకపోయినా గీత సన్నబడే చోట్లు వదిలేయకండి. 20 సెంటీమీటర్ల ఇన్సులేషన్ ఉన్న గోడ కిటికీ పక్కన 3 సెంటీమీటర్లకి తగ్గితే అది కూడా లెక్కలోకే వస్తుంది. తర్వాత నీలం పెన్నుతో గాలి చొరబడకుండా ఆపే పొరని, లోపలి ప్లాస్టరో మెంబ్రేనో ఏదైతే అది, అదే పద్ధతిలో గీయండి. రెండు గీతలు ఒకే చోట తెగుతున్నాయంటే ఆ జాయింట్‌కి మీ మొదటి గంట కేటాయించండి.

1991 లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మొదటి పాసివ్ హౌస్‌లో జనం కాపురం మొదలుపెట్టారు, దాని వెనకున్న వుల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ 1996 లో అక్కడే పాసివ్ హౌస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. వాళ్ల పద్ధతిలో డిజైన్ చేసేవాళ్లు నాలుగు నియమాలు చెప్తుంటారు. వీలైనంతవరకు ఇన్సులేషన్ పొరని చీల్చవద్దు. చీల్చక తప్పకపోతే అక్కడ వేడిని తక్కువగా పోనిచ్చే పదార్థం పెట్టు. రెండు భాగాలు కలిసే చోట వాటి ఇన్సులేషన్లు పూర్తి మందంతో ఒకదానికొకటి ఆనుకోవాలి. మూలలు వీలైనంత విశాలంగా, వంకరలు తక్కువగా ఉండాలి. నాకైతే మొదటిదే అన్నిటికంటే విలువైనది. డిజైన్‌లోంచి ఒక అనవసర మెలిక తీసేస్తే దానికి మెటీరియల్ అక్కర్లేదు, కూలీ అక్కర్లేదు, నిఘా అక్కర్లేదు.

బాల్కనీతో మొదలుపెట్టండి

మీ జాబితాలో ముందు చూడాల్సింది ఇదే. మొదటి ప్రశ్న, బాల్కనీని ఇంటి స్లాబ్‌కి వేలాడదీయడం తప్పనిసరా? బయట తన కాళ్ల మీద తాను నిలబడే బాల్కనీ, అంటే విడిగా పిల్లర్లు, విడిగా పునాది ఉండి, గోడకి పక్కకి ఒరగకుండా రెండు మూడు స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలతో మాత్రమే పట్టుకుని ఉండేది, ఈ సమస్యని దాదాపు మొత్తంగా తీసేస్తుంది. ఇన్సులేషన్ వెనక నుంచి నిరాటంకంగా పోతుంది. చూడటానికి బాగోదు అనేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను, బాగా గీస్తే చాలా బాగుంటుంది.

వేలాడే బాల్కనీయే కావాలంటే స్లాబ్ గోడ దాటే చోట థర్మల్ బ్రేక్ ఎలిమెంట్ పెట్టాలి. ఇది 8 నుంచి 12 సెంటీమీటర్ల మందంలో దొరికే ఇన్సులేషన్ దిమ్మ, దాని గుండా బరువు మోసే చువ్వలు మాత్రమే స్టెయిన్‌లెస్ స్టీలువి పోతాయి. ఇందాక 0.9 అనుకున్న నష్టం దీంతో సుమారు 0.2 కి దిగుతుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు తీసుకోండి. ఆ దిమ్మ గోడ ఇన్సులేషన్ ఉన్న వరసలోనే ఉండాలి, 10 సెంటీమీటర్లు లోపలికి జరిగితే వేడి దాని చుట్టూ తిరిగి పోతుంది. రెండోది, ఇది స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క కట్టాల్సిన భాగం, బాల్కనీ బరువంతా ఆ కాసిని చువ్వల మీదే ఉంటుంది, సైట్‌లో చువ్వ ఒకటి అడ్డొచ్చిందని కోసేయడం, వంచడం ప్రాణాల మీదికి వస్తుంది. బార్‌బెండర్‌తో ఈ మాట ముందే, డ్రాయింగ్ చూపించి చెప్పండి.

కిటికీల మీద సన్‌షేడ్‌లకి, గుమ్మం మీద పోర్టికోకి ఇదే కథ. చిన్నవే కదా అని స్లాబ్‌తో కలిపి పోసేస్తారు, ఇంటి చుట్టూ ఉన్నవన్నీ కలిపి పొడవు కొలిస్తే బాల్కనీ కంటే ఎక్కువే వస్తుంది. వాటిని తేలిక మెటల్ ఫ్రేమ్‌తో, గోడకి నాలుగు చోట్ల మాత్రమే బిగించి పెట్టుకోవడం మేలు, ఆ నాలుగు బిగింపుల కింద గట్టి ప్లాస్టిక్ ప్యాడ్ ఒకటి వేస్తే ఇంకా మేలు.

పునాది దగ్గర

గోడ కింద, నేల స్లాబ్ పక్క నుంచి, పునాది వైపుకి వేడి దిగిపోయే దారి చాలామందికి కనిపించదు, ఎందుకంటే అది మట్టిలో ఉంటుంది. గోడకి బయట ఇన్సులేషన్ ఉంది, నేలకి స్లాబ్ మీద ఇన్సులేషన్ ఉంది, రెంటికీ మధ్య గోడ ఇటుకలు నేరుగా కాంక్రీటు మీద కూర్చుంటాయి. ఎరుపు పెన్ను ఇక్కడ తెగుతుంది.

మంచి పరిష్కారం ఇన్సులేషన్‌ని స్లాబ్ కిందకే తీసుకుపోవడం. బరువు ఓర్చుకునే ఎక్స్‌పీఎస్ (గట్టి ప్లాస్టిక్ ఫోమ్) బోర్డులు గానీ ఫోమ్‌గ్లాస్ (నురగలా పొంగించిన గాజు) కంకర గానీ పరిచి, వాటి మీద ఇంటి కింద మొత్తం పరుచుకునే రాఫ్ట్ స్లాబ్ పోసి, అంచుల్లో అదే బోర్డుని పైకి మడిచి గోడ ఇన్సులేషన్‌కి కలిపేస్తే ఇల్లంతా ఒక ఇన్సులేషన్ తొట్టిలో కూర్చున్నట్టు ఉంటుంది, పెన్ను ఎక్కడా ఆగదు. నేల బలం చూసి ఇంజనీరు ఒప్పుకోవాలి, అది వేరే సంగతి.

అలా కుదరకపోతే గోడ మొదటి వరసని వేడిని తక్కువగా పోనిచ్చే బ్లాక్‌తో కట్టండి. మామూలు ఇటుకకి లాంబ్డా 0.6 నుంచి 0.8, గాలి బుడగలతో తేలికగా ఉండే ఏఏసీ బ్లాక్‌కి 0.1 నుంచి 0.2, గట్టి ఫోమ్‌గ్లాస్ దిమ్మకి 0.05 చుట్టుపక్కల. ఒక్క వరస మారిస్తే చాలు. ఏఏసీ నీళ్లు పీలుస్తుంది కాబట్టి దాని కింద డ్యాంప్ ప్రూఫ్ పొర తప్పనిసరి. దాంతోపాటు గోడ ఇన్సులేషన్‌ని నేల మట్టం దగ్గర ఆపేయకుండా, తేమకి పాడవని బోర్డుతో పునాది వెంబడి ఓ అరమీటరు నుంచి మీటరు కిందికి దించండి. లోపలి గోడల్ని మర్చిపోవద్దు. అవి కూడా నేల స్లాబ్ ఇన్సులేషన్‌ని చీల్చుకుని పునాదిలోకి దిగుతాయి, బయటికి కనిపించవు కాబట్టి డ్రాయింగ్‌లో కూడా చాలాసార్లు కనిపించవు. వాటి కింద కూడా అదే బ్లాక్ వరస వేయించండి.

కిటికీ ఎక్కడ నిలబడుతుంది

మూడు అద్దాల కిటికీ కొని దాన్ని తప్పు చోట బిగించడం నేను చాలా చోట్ల చూశాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. కిటికీని ఇటుక గోడ మధ్యలోనో లోపలి అంచున్నో పెడితే, ఫ్రేమ్ చుట్టూ ఉన్న ఇటుక బయటి చలికి ఎదురుగా ఉండిపోతుంది, ఇన్సులేషన్ బయట ఎక్కడో ఉంటుంది, వేడి ఆ ఇటుక గుండా ఫ్రేమ్‌ని చుట్టి పోతుంది. ఫ్రేమ్‌ని ఇన్సులేషన్ పొరలోకి, అంటే ఇటుక గోడ బయటి ముఖం దాటి, జరపాలి. బరువు మోయడానికి గట్టి ఫోమ్ బ్రాకెట్లు గానీ కలప లేదా ప్లైవుడ్ పెట్టెలు గానీ వాడతారు. ఆ తర్వాత బయటి ఇన్సులేషన్‌ని ఫ్రేమ్ మీదకి రెండు మూడు వేళ్ల వెడల్పు, వీలైతే ఇంకా ఎక్కువ, ఎక్కించి కప్పేయాలి. తలుపు రెక్క తెరుచుకోవడానికి, కీలు అడ్డు పడకుండా ఉండటానికి ఎంత చోటు కావాలో కిటికీ చేసేవాళ్లని ముందే అడగండి.

పక్కలూ పైనా బాగా కప్పి, కింది అంచుని వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. కింద అల్యూమినియం సిల్, అంటే కిటికీ కింది పలక, వస్తుంది, నీరు పోవడానికి వాలు కావాలి, అందుకని అక్కడ ఇన్సులేషన్ పలచగా సర్దేస్తారు. సిల్ కింద వాలుగా కోసిన ఇన్సులేషన్ ముక్క పెట్టించండి, లోపలి వైపు రాతి పలక ఉంటే అది బయటి సిల్‌తో కలవకుండా చూడండి, ఒకే గ్రానైట్ పలక లోపల నుంచి బయటికి పోతే దాన్ని మించిన థర్మల్ బ్రిడ్జ్ కిటికీ దగ్గర ఉండదు. బాల్కనీ తలుపు గడప కూడా ఇంతే. ఇక లింటెల్, షట్టర్ పెట్టె: లింటెల్ బయటి ముఖం మీద ఇన్సులేషన్ పూర్తి మందంతో పోవాలి, షట్టర్ పెట్టె గోడని తొలిచి పెట్టేది కాకుండా బయట బిగించే రకం తీసుకోండి.

పిట్టగోడ, కప్పు, మేకులు, గొట్టాలు

డాబా ఇంట్లో పిట్టగోడని స్లాబ్‌తో కలిపి కట్టేస్తే అది ఇంటి నెత్తి మీద నిలబెట్టిన రెక్కలా వేడిని బయటికి పంచుతుంది. రెండు మార్గాలున్నాయి: పిట్టగోడ మొదటి వరస ఏఏసీ లేదా ఫోమ్‌గ్లాస్‌తో కట్టడం, లేదంటే బయటి ముఖం, తల, లోపలి ముఖం మూడూ ఇన్సులేషన్‌తో చుట్టేయడం. మొదటిది నాకు ఇష్టం, రెండోదానికి మెటీరియల్ ఎక్కువ పడుతుంది, ఫలితం కాస్త తక్కువ వస్తుంది. వాలు కప్పు ఉన్న ఇంట్లో అయితే కప్పు ఇన్సులేషనూ గోడ ఇన్సులేషనూ కలిసే చూరు దగ్గర చూడండి, వాసాలు కిందికి వాలే ఆ ఇరుకు చోట మందం తగ్గిపోతుంది, దాన్ని నిలబెట్టడానికి వాసాల ఎత్తు పెంచాలి, అది డిజైన్ దశలోనే చెయ్యాలి.

కలప ఫ్రేమ్ ఇళ్లలో గోడంతా పరుచుకున్న బ్రిడ్జ్ ఉంటుంది. నిలువు చెక్కలు గోడ వైశాల్యంలో 15 శాతం ఉంటే వాటి మధ్య నింపిన 0.035 ఇన్సులేషన్ కలిసి పనిచేసేది దాదాపు 0.049 లాగా, అంటే కాగితం మీద ఉన్న సామర్థ్యంలో మూడో వంతుకి కాస్త తక్కువ ఆవిరైపోయినట్టే. చెక్కల బయట అడ్డంగా ఇంకో 6 నుంచి 10 సెంటీమీటర్ల ఇన్సులేషన్ ఎడతెగని పొరగా వేస్తే చాలావరకు తిరిగి వస్తుంది. స్టీలు ఫ్రేమ్ అయితే బయటి పొర లేకుండా కట్టనే కట్టకండి, సగానికి పైగా సామర్థ్యం పోతుంది.

మేకులు, బిగింపుల సంగతి చిన్నగా కనిపిస్తుంది గానీ సంఖ్య చూడండి. ఇన్సులేషన్ బోర్డుని గోడకి పట్టి ఉంచే డోవెల్ ఇనుప మేకుది అయితే ఒక్కొక్కటీ డిగ్రీకి వాట్‌లో కొన్ని వేల వంతులే పోగొడుతుంది, చదరపు మీటరుకి ఆరు చొప్పున గోడంతా లెక్కేస్తే 0.15 ఉండాల్సిన యూ వాల్యూ 0.17, 0.18 అయిపోవచ్చు. ప్లాస్టిక్ మేకుది, లేదా తల లోపలికి దిగి పైన ఇన్సులేషన్ బిళ్లతో మూసే రకం వాడండి. బయట రాయి, టైల్ ఫసాడ్ (గోడ ముందు తొడుగు) వేలాడదీసే అల్యూమినియం బ్రాకెట్లు వీటన్నిటికంటే హానికరం, వాటి బదులు స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి, సంఖ్య తగ్గించండి. రెండు వరసల గోడ మధ్య టై కడ్డీలకి కూడా స్టెయిన్‌లెస్ లేదా బసాల్ట్ ఫైబర్. గొట్టాలు, డక్ట్‌లు ఇన్సులేషన్ దాటే చోట వాటికే కొంత దూరం తొడుగు వేస్తే సరిపోతుంది.

లెక్క ఎలా వేస్తారు

ప్రతి జాయింట్‌కీ సై వాల్యూ అని ఒకటి ఉంటుంది, మీటరుకి డిగ్రీకి ఎన్ని వాట్లు అదనంగా పోతున్నాయో అది. ఒక్క చోట గుచ్చుకునే వాటికి, పిల్లర్, బ్రాకెట్ లాంటివాటికి, కై వాల్యూ. సై ఎలా వస్తుందో ఒక ఉదాహరణ. గోడా కప్పూ కలిసే జాయింట్‌ని సాఫ్ట్‌వేర్‌లో గీశారు, 1.5 మీటర్ల గోడ, 2 మీటర్ల కప్పు. మొత్తం ఆ బొమ్మ గుండా డిగ్రీకి 0.62 వాట్ పోతోందని వచ్చింది. గోడ యూ వాల్యూ 0.15, గుణించు 1.5, అంటే 0.225. కప్పు 0.12, గుణించు 2, అంటే 0.24. రెండూ కలిపితే 0.465. మిగిలిన 0.155 కేవలం ఆ జాయింట్ వల్ల వచ్చిన నష్టం, అదే సై.

కొలతలు ఇంటి బయటి అంచుల నుంచి తీసుకున్నారా లోపలి నుంచా అన్నది తప్పకుండా అడగండి. బయటి కొలతలతో మామూలు మూలకి సై మైనస్‌లో కూడా వస్తుంది, ఎందుకంటే మూల దగ్గర గోడని రెండుసార్లు లెక్కేసినట్టు అవుతుంది, సై దాన్ని సరిచేస్తుంది. అదేదో తప్పని కంగారు పడక్కర్లేదు, కానీ ఒక జాయింట్‌కి లోపలి కొలత, ఇంకోదానికి బయటి కొలత కలిపితే మొత్తం లెక్క చెడిపోతుంది. పాసివ్ హౌస్ వాళ్లు బయటి కొలతలతో 0.01 లేదా అంతకంటే తక్కువ వస్తే ఆ జాయింట్‌ని బ్రిడ్జ్ లేనట్టే పరిగణిస్తారు.

ఈ లెక్కల నియమాలు ఐఎస్ఓ 10211 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటాయి, రెడీమేడ్ అంకెలు ఐఎస్ఓ 14683 లో. ఆ రెడీమేడ్ అంకెలు భయపెట్టేంత ఎక్కువగా పెట్టి ఉంటాయి, తొలి అంచనాకి తప్ప వాడకండి. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ తయారుచేసిన థెర్మ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఓపిక ఉంటే రెండు వారాంతాల్లో నేర్చుకోవచ్చు, నష్టంతోపాటు ఉపరితలం మీద అతి చల్లటి చోటు ఎన్ని డిగ్రీలో కూడా చూపిస్తుంది. అన్ని జాయింట్లూ లెక్క వేయనవసరం లేదు. మీ జాబితాలో పొడవు ఎక్కువున్నవి, పెన్ను పూర్తిగా తెగినవి, ఆ అయిదారు చాలు.

సైట్‌లో

డ్రాయింగ్ ఎంత బాగున్నా మేస్త్రీకి అది ఎందుకో తెలియకపోతే పని చెడుతుంది. ఆ ఎరుపు గీత ఉన్న కాగితాన్నే పెద్దగా ప్రింట్ తీసి సైట్‌లో అంటించండి, ఈ గీత ఎక్కడా తెగకూడదు అని ఒక్క మాట చెప్పండి. నేను చూసినంతలో, కారణం చెప్తే మేస్త్రీలు మనకంటే జాగ్రత్తగా చేస్తారు, తర్వాత వాళ్లే వచ్చి ఇక్కడ ఒక కడ్డీ అడ్డొస్తోంది ఏం చేద్దాం అని అడుగుతారు.

మీరు కళ్లారా చూడాల్సినవి కొన్నే. బోర్డుల మధ్య సందులు సిమెంటుతో నింపకుండా ఇన్సులేషన్ ముక్కతో గానీ ఫోమ్‌తో గానీ నింపుతున్నారా. బోర్డుకీ గోడకీ మధ్య గాలి ఆడకుండా అంచుల చుట్టూ జిగురు పూర్తిగా రాస్తున్నారా. రెండు వరసల గోడ అయితే మధ్యలో రాలిన మాలు టైల మీద, అడుగున పేరుకుపోతోందా. ప్లాస్టరు పడి కనిపించకుండా పోయే ముందు ప్రతి జాయింట్‌నీ ఫోటో తీసి పెట్టుకోండి, పక్కన టేపు కనిపించేలా.

థర్మల్ కెమెరాతో చూడాలంటే లోపలికీ బయటికీ కనీసం 10 డిగ్రీల తేడా ఉన్న రోజు, తెల్లవారకముందు, ఎండ తగలని గోడలు, ముందురోజు నుంచే ఇల్లు ఒకే వేడిలో ఉంచి చూడండి. మెరిసే మెటల్, అద్దం మీద కెమెరా చూపించే అంకె నమ్మొద్దు, అవి ఆకాశాన్నీ మిమ్మల్నీ ప్రతిబింబిస్తాయి. బ్లోయర్ డోర్ ఫ్యాన్ (తలుపు చోట బిగించి ఇంట్లోంచి గాలి లాగేది) పెట్టకముందు ఒకసారి, ఇంట్లో పీడనం 50 పాస్కల్ తగ్గించి ఓ అరగంట నడిపాక ఇంకోసారి లోపలి నుంచి ఫోటోలు తీయండి. రెండింట్లోనూ ఒకేలా ఉన్న, తిన్నగా సాగే చల్లటి గీతలు థర్మల్ బ్రిడ్జ్‌లు. ఫ్యాన్ నడిచాక కొత్తగా ఈకల్లా విస్తరించిన చల్లటి మరకలు గాలి లీకులు, వాటిని టేపుతో మూయొచ్చు, కాబట్టి వాటి మీద ముందు పడండి.

వేడి ప్రాంతంలో ఏసీ ఇంటికి కూడా ఇదంతా వర్తిస్తుంది, వేడి దిశ మాత్రం తిరగబడుతుంది. బాల్కనీ స్లాబ్ ఎండకి కాగి ఆ వేడిని గదిలోకి మోసుకొస్తుంది, తేమ ఎక్కువున్న చోట చల్లబడిన స్లాబ్ అంచు బయటి వైపు చెమర్చి అక్కడ బూజు పడుతుంది.

ఇల్లు ఇప్పటికే కట్టేసి ఉంటే

అప్పుడు చేయగలిగింది వేడి దారిని పొడవు చేయడం. బాల్కనీ స్లాబ్‌ని పైనా కిందా అంచునా ఇన్సులేషన్‌తో చుట్టడం, బయట కుదరకపోతే లోపల సీలింగ్ వెంబడి, గోడ నుంచి అరమీటరు నుంచి మీటరు దాకా సన్నగా వాలిపోయే బోర్డు వేయడం. లోపల ఇన్సులేషన్ వేసేటప్పుడు చెమ్మ దాని వెనక చేరకుండా క్యాల్షియం సిలికేట్ లాంటి తేమ పీల్చి వదిలే బోర్డు అయితే నయం, దాన్ని ఖాళీ లేకుండా గోడకి అంటించాలి. గదిలో తేమ 50 శాతం దాటకుండా వెంటిలేషన్ నడవాలి. బీరువాలు బయటి గోడకి కనీసం 5 సెంటీమీటర్లు, వీలైతే 10, ఎడంగా ఉంచాలి, వాటి వెనక గాలి ఆడకపోతే గోడ ఇంకో రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది.

ఆ మొదటి ఇంట్లో ఇంటివాళ్లు బీరువాని లోపలి గోడకి మార్చారు, బాల్కనీ టైల్స్ ఎత్తి పైన 6 సెంటీమీటర్ల గట్టి ఫోమ్, కింద 10 సెంటీమీటర్ల రాక్‌వూల్, అంచుకి 6 వేయించారు. పైన ఇంకా మందం వేస్తే గడప మట్టం దాటిపోతుంది, అక్కడ ఆగాల్సి వచ్చింది. మరుసటి చలికాలం బయట మళ్లీ సున్నా ఉన్న రోజు వెళ్లి అదే మూలలో థర్మామీటరు పెట్టి చూశాను, 15 చూపించింది. ఆ ఒక్క జాయింట్ 0.65 నుంచి 0.75 కి వచ్చింది, బూజు మళ్లీ రాలేదు. టైల్స్ తీసి పెట్టడానికి, వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయడానికి, మూడు వారాలు బాల్కనీ తలుపు మూసుకుని కూర్చోవడానికి అయిన శ్రమతో పోలిస్తే, స్లాబ్ పోసే ముందురోజు ఆ నాలుగు మీటర్లలో థర్మల్ బ్రేక్ దిమ్మలు పేర్చడం ఒక్క పూట పని.